చర్చ: రామేశ్వరం జాలర్ల కష్టాలకు కారణం లంక గొడవలా, మన మరపడవలా?

చింతలపూడి యాత్రికుడు:

రామేశ్వరం వెళ్లివచ్చినవాళ్లు ఈ వేదికలో చాలామంది ఉంటారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మనం వెళ్తాం, అగ్నితీర్థంలో మునుగుతాం, ఇరవై రెండు తీర్థాల నీళ్లు నెత్తిన పోయించుకుంటాం, కాశీ నుంచి తెచ్చిన గంగతో అభిషేకం చేయించుకుంటాం, ధనుష్కోటిలో ఫోటోలు దిగి వచ్చేస్తాం. రేవు వైపు వెళ్లేవాళ్లు తక్కువ. ఈసారి నేను వెళ్లాను. మరపడవలన్నీ పక్కపక్కన ఆనించి కట్టేసి ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధమా అంటే, ఆ రోజులు కావు. శ్రీలంక నౌకాదళం కొన్ని బోట్లను మనుషులతో సహా పట్టుకుపోయిందని సమ్మె చేస్తున్నారట. ఐసు మర దగ్గర పనిలేక కూర్చున్న పెద్దాయన వచ్చీరాని తెలుగులో "ఇది ఇక్కడ మామూలే" అన్నాడు.

చిన్న ద్వీపం అది. 1983లో కొలంబోలో తమిళుల ఊచకోత జరిగితే శరణార్థులు వచ్చి దిగింది ఇక్కడ. లంక సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్‌టీటీఈ) యుద్ధం నడిచినన్నాళ్లూ సముద్రంలో తూటాలు ఇక్కడివాళ్లకు తగిలాయి. 2009లో యుద్ధం ముగిసింది, అరెస్టులు మాత్రం ముగియలేదు. 2022లో లంక దివాలా తీస్తే మళ్లీ ఈ ఇసుక దిబ్బల మీదికే జనం. తనది కాని రాజకీయానికి ఇంతకాలం ఇంత మూల్యం చెల్లించిన ఊరు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? నా మాట ఒక్కటే: రామేశ్వరం బాధిత ద్వీపం, దోషి పక్కదేశం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సేతుబంధం:

కాదనడానికి ఏముంది? అయితే పక్కదేశంతో పాటు మన ఢిల్లీనీ దోషుల్లో కలపండి. రామనాథపురం సేతుపతుల జమీందారీలో ఉన్న కచ్చతీవు అనే దీవిని 1974 జూన్‌లో లంకకు రాసిచ్చేశారు. మన జాలర్లు, యాత్రికులు వీసా లేకుండా అక్కడికి వెళ్లవచ్చని ఆ ఒప్పందంలో 5వ అధికరణం ఉంది. 1976లో ఉత్తరాలు మార్చుకుని, ఒకరి జలాల్లో ఇంకొకరు చేపలు పట్టకూడదన్నారు. చివరికి మనకు మిగిలింది ఏడాదికోసారి అక్కడి అంతోనియార్ చర్చి పండుగకు వెళ్లిరావడం. తమిళనాడు అసెంబ్లీ 2025 ఏప్రిల్‌లో కూడా ఆ దీవిని తిరిగి తేవాలని తీర్మానం చేసింది. ఊరికే చేస్తారా? దీవి మనదైతే సరిహద్దు గీత అవతలికి జరుగుతుంది, మన జాలరి తల ఎత్తుకుని వేటాడతాడు.

కావలి కెరటం:

సేతుబంధం గారూ, ఒకసారి పటం తెరిచి చూడండి. కచ్చతీవు 285 ఎకరాలు. తాగే నీళ్లు లేవు, కాపురం ఉండే మనిషి లేడు, ఒక చర్చి ఉంది. మన బోట్లు పట్టుబడేది దాని చుట్టుపక్కల మాత్రమే అయితే మీ మాట నిలబడేది. లంక వైపు నెడుంతీవు దగ్గర, మన్నారు దగ్గర, కంకేసంతురై వైపు కూడా పట్టుబడుతున్నాయి. గీతను కచ్చతీవుకు అవతలికి జరిపినా ఆ చోట్లన్నీ గీతకు అవతలే ఉంటాయి. 2014లో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో చెప్పిందేమిటి? ఆ దీవి కావాలంటే యుద్ధం చేయాలని. మీరు సిద్ధమేనా? ఇంకొకటి, 1976లో మనం పోగొట్టుకున్నది చెప్పారు కానీ వచ్చింది చెప్పలేదు. కన్యాకుమారికి దక్షిణాన వాడ్జ్ బ్యాంక్ అనే చేపల గని మన చేతికి వచ్చింది ఆ ఏడాదే.

ఇక యాత్రికుడు గారి అసలు ప్రశ్న. మాది నెల్లూరు జిల్లా తీరం. మా నాన్న, బాబాయిలు ఫైబర్ బోట్ల మీద వేటకు వెళ్లినవాళ్లు. కడలూరు సోనా బోట్లంటే మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తమిళనాడు నుంచి పెద్ద ఇంజిన్లతో రాత్రిపూట వచ్చి, మేము వేసిన వలల మీదుగా లాక్కుంటూ పోతాయి. తెల్లారి వెళితే వల ఉండదు, ఒక్కోసారి తేలుతున్న బెండు ముక్కలు మాత్రం ఉంటాయి. మావాళ్లు ఎన్నోసార్లు ఆ బోట్లను చుట్టుముట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు, ఇంజిన్ తాళాలు తీసుకున్నారు, పంచాయతీ పెట్టి జరిమానా కట్టించారు. అప్పుడు మా తీరంలో ఒక్కరు కూడా పాపం తమిళ జాలర్లు అనలేదు. మన్నారులో చిన్న పడవవాడు అడుగుతున్నది మేము అడిగిందే. మధ్యలో అంతర్జాతీయ సరిహద్దు ఉండేసరికి అది దేశభక్తి సమస్య అయి కూర్చుంది.

యుద్ధం గురించి అందరూ దాటేసే సంగతి ఒకటి ఉంది. 1983 నుంచి 2009 దాకా ఉత్తర శ్రీలంక జాలరిని సముద్రంలోకి సరిగ్గా పోనివ్వలేదు. తీరంలో చాలాచోట్ల భద్రతా వలయాలు, ఇంజిన్ శక్తి మీద ఆంక్షలు, వెళ్లడానికి పాసులు. పులుల పడవ ఏదో జాలరి పడవ ఏదో తేల్చుకోలేక సైన్యం అందరినీ ఒడ్డునే కట్టేసింది. అంటే మనకూ లంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధిలో సగం సముద్రం యజమాని లేని చేనులా పడి ఉంది. ఆ చేనులో ఎవరు మేపుకున్నారు? సరిగ్గా అదే కాలంలో రొయ్యల ఎగుమతి పెరిగింది, రామేశ్వరంలో మరపడవలు పెరిగాయి. కాల్పుల్లో మనవాళ్లు పోయారు, నిజమే. ఆ భయంలోనే సంపాదించినవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. యుద్ధం ఆ ద్వీపానికి కన్నీళ్లూ తెచ్చింది, రొయ్యలూ తెచ్చింది. 2009 తర్వాత లంక జాలరి తిరిగి తన సముద్రంలోకి వచ్చాడు. ఇప్పుడు జరుగుతున్న గొడవ యుద్ధం వల్ల వచ్చింది కాదు. శాంతి వల్ల వచ్చింది.

గుంతకల్లు జంక్షన్:

ద్వీపం అంటే చేపలు ఒక్కటేనా బాబూ? నేను రైల్వేలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. మా తరానికి రామేశ్వరం అంటే బోట్ మెయిల్. మద్రాసులో రైలెక్కి, ధనుష్కోటి రేవులో దిగి, స్టీమరెక్కి, తలైమన్నారులో మళ్లీ రైలెక్కితే కొలంబో. 1914లో పాంబన్ వంతెన కట్టింది ఆ దారి కోసమే. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ధనుష్కోటిని, ప్రయాణికులతో వస్తున్న పాసింజరు రైలును మింగేసింది. అంత ప్రళయం తర్వాత కూడా దారి మూతపడలేదు. రామేశ్వరం నుంచే "రామానుజం" అనే ఓడ నడిచింది. తుఫాను చేయలేని పని యుద్ధం చేసింది. 1980ల్లో ఆ ఓడ ఆగింది, మళ్లీ రాలేదు. 2023 అక్టోబరులో లంకకు ఓడ మొదలుపెట్టారు కానీ అది నాగపట్నం నుంచి.

ఓడ ఎక్కేవాళ్లు ఒక పూట ముందే వచ్చి దిగేవారు. సుంకం కచేరీ, కూలీలు, పూటకూళ్లు, డబ్బు మార్చేవాళ్లు, ఇలా ఎన్నో బతుకులు దాని మీద నడిచేవి. 2025 ఏప్రిల్ 6న బ్రహ్మాండమైన కొత్త పాంబన్ వంతెన ప్రారంభించారు, సంతోషం. దాని మీద వచ్చినవాళ్లు గుడి చూసుకుని అదే దారిన వెనక్కి పోవాల్సిందే. రెండు దేశాల మధ్య వాకిలిగా ఉన్న ఊరు దారి ముగిసే ఊరయింది. దీనికి కూడా మరపడవలనే అంటారా కావలి గారూ?

కావలి కెరటం:

అనను. ఆ పద్దు యుద్ధం ఖాతాలోనే రాయండి.

మదురై తెలుగమ్మ:

నాయక రాజుల కాలంలో ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నేను ఆరోగ్య శాఖలో ఉండగా మండపం, పాంబన్ వైపు చాలాకాలం పనిచేశాను. ఇక్కడ అందరూ దేశం, జాలరి, యజమాని అంటున్నారు. మనుషుల గురించి నాలుగు మాటలు రాస్తాను.

మండపం శిబిరం ద్వీపంలో కాదు, వంతెనకు ఇవతల ఉంటుంది. బ్రిటిష్‌వాళ్లు సిలోను తేయాకు తోటలకు కూలీలను పంపేముందు, రోగాలున్నాయో లేదో చూడడానికి వాళ్లను ఆపి ఉంచేవారు, అదే చోటు. 1964లో మన ప్రధాని శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో ఒప్పందం చేసుకున్నాక అదే తోటల కూలీల పిల్లలు తిరిగి వచ్చి దిగిందీ అక్కడే. 1983 తర్వాత యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను నమోదు చేసిందీ అక్కడే. విడతలు విడతలుగా మూడు లక్షల మందికి పైగా వచ్చారు. చాలామంది వెనక్కి వెళ్లారు. రాష్ట్రమంతటా ఉన్న శిబిరాల్లో ఇంకా యాభై వేలకు పైగా ఉన్నారు. ఒకే గదిని చీర అడ్డం కట్టి రెండు చేసుకుని, ఇవతల అత్తమామలు, అవతల కొత్త దంపతులు ఉన్న ఇళ్లకు నేను టీకాలు వేయడానికి వెళ్లాను. హాజరు రోజు వస్తే ఎంత దూరం కూలికి పోయినా సరే, తిరిగి వచ్చి అధికారికి మొహం చూపించాలి. 2021లో శరణార్థి శిబిరం అనే పేరు తీసేసి పునరావాస శిబిరం అన్నారు. హాజరు తీసేయలేదు.

విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది కదా, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రంగూన్ నుంచి వెళ్లగొడితే వచ్చినవాళ్లు. వాళ్లు ఈ దేశస్థులుగా తిరిగి వచ్చారు కాబట్టి కాలనీ అయింది, ఊరిలో కలిసింది. వీళ్లు మూడో తరం వచ్చినా శరణార్థులే. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఇంజనీరింగ్ చదివి, పాస్‌పోర్టు లేక పెయింటింగ్ పనికి పోయే పిల్లలు నాకు తెలుసు.

ద్వీపంలోవాళ్ల మనసు కూడా ఒకేలా లేదు. మొదట్లో పడవ దిగినవాళ్లకు ఇళ్లలోంచి అన్నం తెచ్చి పెట్టారు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపిన తర్వాత గాలి మారిపోయింది. అప్పటిదాకా అవతలి ఒడ్డు బంధువు వచ్చాడంటే పండుగ, ఆ తర్వాత పోలీసు విచారణ. అద్దెకు గది అడిగినా అనుమానమే, పడవకు డీజిల్ రెండు డబ్బాలు ఎక్కువ కొన్నా అనుమానమే.

కావలి తమ్ముడూ, నీ మాటలో సగం ఒప్పుకుంటాను. మరపడవల యజమానులు లాభపడ్డారు, నిజం. కానీ జైలుకు పోయేది యజమాని కాదు. బోటు నడిపే సరంగు, అతనితో ఉన్న నలుగురైదుగురు కూలీలు. వాళ్లలో చాలామందికి సొంత వల కూడా ఉండదు, దొరికిన సరుకులో వాటా మీద బతుకు. మగవాడు లంక జైల్లో ఉంటే ఆధార్ నకలు, బోటు కాగితాల నకలు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే భార్యకు నీ శాంతి సిద్ధాంతం ఏం చెబుతుంది?

సేతుబంధం:

బాగా అడిగారు అమ్మా. ఇక్కడ కొందరికి అవతలివాళ్ల వలల మీద ఉన్న జాలి మనవాళ్ల ప్రాణాల మీద లేదు.

పట్టాల మనిషి:

అవతలి ఒడ్డున కొన్నేళ్లు బతికినవాణ్ణి కాబట్టి అక్కడ చూసింది రాస్తాను. యుద్ధం ముగిశాక ఉత్తర శ్రీలంకలో రైలు మార్గాలు తిరిగి వేసే పనిలో ఉన్నాను. గుంతకల్లు పెద్దాయన చెప్పిన తలైమన్నారు లైను కూడా అందులోదే. 2015 మార్చి 14న మన ప్రధాని అక్కడ రైలుకు జెండా ఊపారు. ఇప్పుడు కొలంబో నుంచి వచ్చే రైలు తలైమన్నారు రేవు దాకా వస్తుంది. ఓడ లేదు కాబట్టి అక్కడే ఆగి వెనక్కి పోతుంది. ఇటు రామేశ్వరం నుంచి ధనుష్కోటికి 2019లో శంకుస్థాపన జరిగినా పట్టాలు పడలేదు.

మన్నారు దీవిలో పేసాలై అనే జాలర్ల ఊరు ఉంది. మేము భోజనం చేసే ఇంటాయన జాలరి. చిన్నప్పుడు తల్లిదండ్రులతో పడవలో పారిపోయి వచ్చి, మండపం శిబిరంలో పెరిగి, యుద్ధం అయ్యాక తిరిగి వెళ్లాడు. రామేశ్వరం మాట ఎత్తితే "అన్నం పెట్టిన ఊరు" అంటాడు. సముద్రం మాట వస్తే ఆ మొహమే మారిపోతుంది. వారంలో మూడు రాత్రులు ఆయన వల వేయడు. సోమ, బుధ, శనివారాలు. ఇటు మన దగ్గర ఆ రోజులు మరపడవలవి, మిగతా రోజులు నాటు పడవలవి. ఇది మనవాళ్లలో మనవాళ్లు కొట్టుకోకుండా పెట్టుకున్న పద్ధతి. ఆ పద్ధతిని బట్టి అవతలి దేశంలో మనిషి తన పని రోజులు మార్చుకోవాల్సి వచ్చింది, చూడండి! ఆ మూడు రాత్రులూ ఒడ్డున నిలబడితే సముద్రం మీద దీపాల బారు కనిపించేది. ఇంజిన్ల మోత నాకే వినిపించేది.

ఆయన చూపించిన వల ఇంకా గుర్తుంది. అప్పు చేసి కొన్న నైలాన్ వల, రెండో వారమే తెగింది. మిగిలిన ముక్కను పెరట్లో కోళ్లు రాకుండా కూరగాయల మడి చుట్టూ కట్టాడు. నష్టపరిహారం ఎవరిని అడగాలి? లంక ప్రభుత్వానికి ఉత్తరాది తమిళ జాలరి గోడు చివరి వరుసలో ఉంటుంది. ఈ గొడవలో రెండు వైపులా ఉన్నది తమిళులే. కొలంబోకు ఇది సౌకర్యంగానే ఉంది. తమిళుడూ తమిళుడూ కొట్టుకుంటే తాను చట్టం అమలు చేస్తున్నానంటుంది. ఈ మాట నాది కాదు, అక్కడి తమిళులే అంటారు. అయినా సముద్రం అడుగును గీరుకుంటూ పోయే అడుగు వలను నిషేధించాలని పార్లమెంటులో బిల్లు పెట్టింది తమిళ సభ్యుడు సుమంతిరనే. 2017 జూలైలో అది చట్టమయింది.

సేతుబంధం:

వల తెగితే వలకు వెల కట్టించుకోండి. 2017 మార్చిలో కచ్చతీవు దగ్గర ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి కాల్చి చంపారు, మేము కాదని లంక నౌకాదళం చేతులు దులుపుకుంది. ఆ కుర్రాడు ఏ వల తెంపాడు? 2024 ఆగస్టులో వాళ్ల గస్తీ ఓడ తగిలి మన బోటు మునిగి ఒక మనిషి పోయాడు. ఆ ఒక్క ఏడాదే ఐదు వందల మందికి పైగా పట్టుకుపోయారు. విడుదలై వచ్చినవాళ్లలో కొందరికి గుండు గీసి పంపారు. 2018లో చట్టం మార్చి జరిమానాలు కోట్లలోకి తీసుకెళ్లారు, పట్టుకున్న బోట్లను జాతీయం చేసుకుంటున్నారు. ఇదంతా నా పొరుగు జాలరి వల గురించి అంటే నమ్మమంటారా? చైనావాళ్లకు జాఫ్నా పక్కనే సముద్రపు దోసకాయలు పెంచుకోవడానికి చోటిచ్చినప్పుడు ఈ సముద్ర భక్తి ఎక్కడికి పోయింది?

వేదిక నిర్వాహకుడు:

చైనా గురించి వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి తీసుకెళ్లండి. ఇక్కడ ద్వీపం మీదే ఉందాం.

కావలి కెరటం:

కాల్పులను ఎవరు సమర్థించారు? ఆయుధం లేని మనిషిని కాల్చడం హత్య, గుండు గీయడం నీచం. మావాళ్లు కడలూరు బోట్లను పట్టుకున్నప్పుడు ముందు అన్నం పెట్టి తర్వాత పంచాయతీ పెట్టేవారు. ఆ మాట ఎవరికైనా చెబుతాను. సరిహద్దు దాటి జైలుపాలైన జాలరి ఇంటి బాధ కూడా మాకు కొత్త కాదు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద కూలికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. పద్నాలుగు నెలలు. అక్కడ కూడా బోటు యజమాని ఇంట్లోనే ఉన్నాడు.

అమ్మా, మీ ప్రశ్నకు ఇదే నా జవాబు. ఆ కూలీ భార్యను ఆఫీసుల చుట్టూ తిప్పుతున్నది నౌకాదళం ఒక్కటే కాదు. గీత దాటితే పట్టుకుంటారని తెలిసీ బోటు పంపేవాడు కూడా. లెక్క చూడండి. మరపడవ తీరం నుంచి మూడు నాటికల్ మైళ్లు దాటాకే వేటాడాలని తమిళనాడు 1983లోనే చట్టం చేసింది. రామేశ్వరం నుంచి గీత దాదాపు పన్నెండు మైళ్లు. మిగిలిన ఇరుకు జాగాలో రాళ్లు, రాతి నేల ఉన్న చోట్లు తీసేస్తే వందల బోట్లకు ఏం మిగులుతుంది? అడుగు వల తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వల నోటికి రెండు పక్కలా బరువైన పలకలు ఉంటాయి, కింద ఇనుప గొలుసు. బోటు లాగుతుంటే అది నేల గీరుకుంటూ పోతుంది. పాక్ జలసంధిలో చాలాచోట్ల లోతు పదిహేను మీటర్లు కూడా ఉండదు. గడ్డి, గుడ్లు, వేలెడంత పిల్ల చేప, పీత, అన్నీ సంచిలోకి వస్తాయి. రొయ్య ఏరుకుని మిగతాది కోళ్ల మేతకు పోతుంది. ఇటువైపు నేల అలా గీకీ గీకీ అయిపోయింది కాబట్టే అటు వెళ్తున్నారు. యుద్ధం వాళ్ల వైపు నేలను కాపాడి పెట్టింది, మనం దాన్ని కూడా గీకుతున్నాం.

చింతలపూడి యాత్రికుడు:

కావలి గారూ, మీరు మరపడవలనే ద్వీపం అన్నట్టు మాట్లాడుతున్నారు. నాటు పడవలవాళ్లు, దుకాణాలవాళ్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లు? వాళ్లేం పాపం చేశారు? వాళ్లకు తగిలిన దెబ్బ లంక దెబ్బే కదా.

మదురై తెలుగమ్మ:

నాటు పడవలవాళ్లను అడిగితే రెండు వైపులా తిడతారు యాత్రికుడు గారూ. మరపడవలు తమ వలలు కూడా తెంపుతున్నాయని ధర్నాలు చేసింది వాళ్లే. అరెస్టులు జరిగిన రోజు సమ్మె అంటే రేవు మొత్తం మూత, వాళ్ల చేపకు కూడా కొనేవాడు ఉండడు.

మీరు 2022 సంగతి ఎత్తారు కాబట్టి అదీ రాస్తాను. ఆ ఏడాది మార్చి 22న 16 మంది వచ్చారు. అవతలి పడవవాళ్లు ఒడ్డు దాకా రారు, పట్టుబడతామని భయం. ధనుష్కోటి చివర ఉన్న అరిచల్‌మునైకి అవతల సముద్రం మధ్యలో ఉండే ఇసుక తిన్నె మీద దింపేసి వెళ్లిపోతారు. పసిబిడ్డతో సహా అక్కడ చిక్కుకున్న కుటుంబాన్ని తీరరక్షక దళం వెళ్లి తీసుకొచ్చింది. యుద్ధకాలంలో వచ్చినవాళ్లు బాంబు గురించి చెప్పేవారు. వీళ్లు పాలపొడి ధర గురించి, కిరోసిన్ వరుసల గురించి చెప్పారు. పడవ ఖర్చుకు తాళి కూడా అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత కూడా నెలల తరబడి కొద్దికొద్దిగా వచ్చారు. మండపంలో చోటు ఇచ్చారు, అన్నం పెట్టారు, కానీ శరణార్థులుగా నమోదు చేయలేదు. 2025 సెప్టెంబరులో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైన లంక తమిళులకు, కాగితాలు లేనందుకు శిక్ష ఉండదని. 2022లో వచ్చినవాళ్లు అందులోకి రారు.

పసుపు కథ తెలుసా మీకు? లంకలో డాలర్ల కొరత మొదలవగానే 2020 ప్రాంతంలో పసుపు దిగుమతి ఆపేశారు. అక్కడ ధర ఆకాశానికి పోయింది. అంతే, మన ఇళ్లలో పేరంటానికి గిన్నెలో కలిపి కాళ్లకు రాసే పసుపు ఈ తీరంలో దొంగ సరుకయింది! రాత్రిపూట పడవల్లో బస్తాలు, తెల్లారి పోలీసులు బస్తాల పక్కన నిలబడి దిగిన ఫోటోలు. బీడీ ఆకు కూడా అంతే. అటునుంచి బంగారం వచ్చేది. అక్కడ ఒక మంత్రి ఏ వస్తువు మీద సంతకం పెడితే ఆ వస్తువుకు ఇక్కడ ఒక కేసు. దాని ఫలితం మామూలు మనిషికి ఏమిటంటే తనిఖీలు. రాత్రి ఆలస్యంగా వచ్చే పడవవాడు నేరస్థుడు కాదని తానే నిరూపించుకోవాలి.

గుంతకల్లు జంక్షన్:

పసుపు సంగతి కొత్తగా విన్నాను. మా రోజుల్లో లంక నుంచి సబ్బులు, గుడ్డలు దొంగచాటుగా వచ్చేవి.

పట్టాల మనిషి:

పరిష్కారం ఎవరికీ తెలియదని కాదు. 2010లో రెండు ఒడ్ల జాలర్లూ తమిళనాడులో కలిసి కూర్చున్నారు. మంత్రులు కాదు, జాలర్లే. ఒక ఏడాదిలో అడుగు వల మానుకుంటామని ఇటువాళ్లు ఒప్పుకున్నారు. మానుకోలేదు. 2016 నవంబరులో రెండు ప్రభుత్వాలు సంయుక్త కార్యవర్గం వేసి అదే మాట మళ్లీ రాసుకున్నాయి. 2017లో మన కేంద్రం పథకం తెచ్చింది. పాక్ జలసంధిలోని రెండు వేల మరపడవలను తీసేసి, లోతు సముద్రంలో సూర (ట్యూనా) చేప పట్టే బోట్లు ఇవ్వాలని. అప్పట్లో బోటు ఖరీదు 80 లక్షలు, అందులో 70 శాతం కేంద్రం, రాష్ట్రం కలిసి భరిస్తామన్నాయి. ముందుకు వచ్చినవాళ్లు చాలా తక్కువ.

సేతుబంధం:

ఎందుకు వస్తారు? పొద్దున పోయి మర్నాడు తిరిగి వచ్చే మనిషిని వారాల తరబడి నడిసముద్రంలో ఉండమంటే ఎలా? అది వేరే విద్య. గేలాల తాడు వేయడం, చేపను చెడకుండా ఐసులో పెట్టడం, సరైన ధరకు కొనేవాణ్ణి వెతుక్కోవడం. ఢిల్లీలో కూర్చుని లెక్క వేసినవాడికి ఇది తెలియదు. ఇందులో మాత్రం కావలి గారు నాతో ఏకీభవిస్తారనుకుంటాను.

కావలి కెరటం:

ఏకీభవిస్తాను. కానీ విద్య నేర్చుకోవచ్చు. కన్యాకుమారి జిల్లా తూత్తూరువాళ్లు ఎప్పటినుంచో లోతు సముద్రంలో నెలల తరబడి ఉండి వేటాడుతున్నారు, వాళ్లూ తమిళనాడువాళ్లే. అసలు ముడి అప్పులో ఉంది. మరపడవ యజమాని అన్నాం కానీ, చాలామంది రొయ్యల వ్యాపారి దగ్గర ముందుగా డబ్బు తీసుకున్నవాళ్లే. సరుకు ఆయనకే పోయాలి, ధర ఆయన చెప్పిందే. ఆ అప్పు తీరకుండా బోటు విరగ్గొట్టి పథకంలో ఎలా చేరతాడు? 30 శాతం వాటా ఎక్కడినుంచి తెస్తాడు? అందుకే గీత దాటతాడు. దొరికితే కూలీ జైలుకు, దొరక్కపోతే రొయ్య వ్యాపారికి.

సేతుబంధం:

సరే, మీ నెల్లూరులో కడలూరు బోట్లు ఆగాయా మరి? పంచాయతీలు, జరిమానాలు, అన్నీ అయ్యాయి కదా.

కావలి కెరటం:

ఆగలేదు. ఇప్పటికీ వస్తున్నాయి.

సేతుబంధం:

అదీ సంగతి. ఒకే దేశంలో, రెండు రాష్ట్రాల మధ్య మీరు ఆపలేనిది రెండు దేశాల మధ్య మాటలతో ఆగుతుందంటున్నారు. నేను కచ్చతీవు వదలను. కానీ ఆ బోట్ల అప్పు ప్రభుత్వం మాఫీ చేయాలని అర్జీ పెడితే మొదటి సంతకం నాది.

కావలి కెరటం:

ఆ అప్పు బ్యాంకులో ఉంటే కదా ప్రభుత్వం మాఫీ చేయడానికి? నోటు మీద రాసుకున్నది కూడా కాదు, వ్యాపారి చిట్టా పుస్తకంలో ఉంటుంది. ఆయన చేత ఎవరు మాఫీ చేయిస్తారో చెప్పండి, అర్జీ నేను రాస్తాను.